రెండు బర్రెలు, ఒక ఆవు ఉన్న ఇంట్లో సైలేజీ: సంచుల్లో, డ్రమ్ముల్లో మాగేసే పద్ధతి

శివరాత్రి దాటిందంటే మా దేవరకొండ వైపు పచ్చిమేత కళ్లకు కనపడదు. బోరు ఇంచు నీళ్లకు పడిపోతుంది, పొలం గట్టున ఉన్న నేపియర్ గడ్డి పసుపు రంగుకు తిరుగుతుంది, మిర్యాలగూడ ఆయకట్టు నుంచి ట్రాక్టర్లలో వచ్చే వరిగడ్డి కట్టలను అడిగినంత పెట్టి కొనాల్సి వస్తుంది. వరిగడ్డి బర్రె కడుపు నింపుతుంది, అంతకు మించి దాంట్లో పెద్దగా ఏమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో పాలు సగానికి పడిపోవడం, చూలు కట్టకపోవడం, లేగలు ఎముకలు తేలడం ఇవన్నీ మేత దగ్గర మొదలయ్యేవే. సెప్టెంబరులో మాత్రం అదే పొలంలో మేత ఎక్కువై ఏం చేయాలో తెలియదు. ఆ సెప్టెంబరు మేతను ఏప్రిల్ దాకా పచ్చిగానే దాచుకోవడమే సైలేజీ, మన పుస్తకాల్లో పాతర గడ్డి అనీ మాగుడు గడ్డి అనీ రాస్తారు.

సైలేజీ గురించి దొరికే సమాచారం ఎక్కువగా ఇరవై, ముప్పై పశువులున్న డెయిరీల కోసం చెప్పిందే. రెండు మూడు పశువులున్న మనలాంటి వాళ్లు అదే కొలతలు పట్టుకుంటే నష్టపోతాం. నేను పోయాను. మొదటి ఏడు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు గుంత తవ్వించి, దాంట్లో దాదాపు 5 టన్నుల మక్క నింపి, మట్టి కప్పి, మార్చిలో తెరిచాను. మొదటి వారం బ్రహ్మాండంగా ఉంది. రెండో వారానికి గుంత ముఖం చేతికి వేడిగా తగలడం మొదలైంది, మూడో వారంలో తెల్ల బూజు, తర్వాత నల్ల బూజు. సగానికి పైగా తీసి ఎరువు కుప్పలో వేశాం. చాలా రోజులు ప్లాస్టిక్ షీటు సరిగ్గా లేదనుకున్నాను, కానీ తప్పు కొలతలో ఉంది.

ఆ లెక్క ఇక్కడే చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. గట్టిగా తొక్కిన మక్క సైలేజీ ఒక ఘనపుటడుగుకు సుమారు 14 కిలోలు ఉంటుంది. మూడు పశువులకు తలా 15 కిలోలు వేస్తే రోజుకు 45 కిలోలు, అంటే మూడు ఘనపుటడుగుల పైచిలుకు. నా గుంత ముఖం 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు, మొత్తం 30 చదరపు అడుగులు. ఆ లెక్కన రోజుకు అంగుళంన్నర కూడా తరగదు. మన ఎండల్లో తెరిచిన సైలేజీలోకి గాలి దూరుతూ ఉంటుంది కాబట్టి రోజుకు అర అడుగు మందం తీసేస్తే తప్ప బూజు కంటే మనం ముందుండలేం. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న గుంతలో రోజుకు అర అడుగు తీయాలంటే 110 కిలోల పైన తినే మంద కావాలి, అంటే ఏడెనిమిది పెద్ద పశువులు. అంతకంటే తక్కువ ఉంటే గుంత జోలికి పోవద్దని నేను గట్టిగా చెప్తాను. ఒక్కసారి తెరిస్తే ఒకటి, రెండు రోజుల్లో అయిపోయే పాత్రలోనే మాగేయాలి. మూడు పశువులకు అవి 50 కిలోల సంచులు, 200 లీటర్ల డ్రమ్ములు.

ఎంత మేత కావాలి

మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా 90 రోజులు అనుకుందాం. రోజుకు 45 కిలోల చొప్పున 4,050 కిలోలు. మాగేటప్పుడు కొంత తరుగుతుంది, కొన్ని సంచులు ఎలుకల పాలవుతాయి, అందుకని ఇంకో 15 శాతం కలుపుకుంటే 4,700 కిలోల దగ్గరకు వస్తుంది. నీళ్లు బాగా ఉన్న ఎకరం నుంచి కంకులతో సహా 15 టన్నుల పచ్చి మక్క వస్తుందనుకుంటే ఇది 13 గుంటల పంట. వాన మీద ఆధారపడే చెల్క అయితే 20 గుంటలు పెట్టుకోండి. నేను 12 డ్రమ్ములు, 70 సంచులు నింపుతాను. డ్రమ్ముకు సుమారు 100 కిలోలు, సంచికి 50. డ్రమ్ములు ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి గానీ అన్నీ ఒకేసారి కొనాలంటే భారమే, ఏడాదికి మూడు నాలుగు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

ఏ పంట, ఎప్పుడు కోయాలి

మొదటిసారి చేసేవాళ్లు మక్కజొన్నతోనే మొదలుపెట్టండి. దాంట్లో చక్కెర సరిపడా ఉంటుంది, బెల్లం కలపాల్సిన పని లేదు, చిన్న చిన్న తప్పులు చేసినా చాలావరకు మాగుతుంది. మేత కోసమే వేసేవాళ్లు ఆఫ్రికన్ టాల్ రకం వేస్తారు. మామూలు హైబ్రిడ్ మక్క కూడా బాగుంటుంది, ఇంకా చెప్పాలంటే కంకి పెద్దది కాబట్టి సైలేజీలో బలం ఎక్కువ. మృగశిర కార్తె వానలకు వేస్తే సెప్టెంబరు మొదట్లో కోతకు వస్తుంది. బోరు ఉన్నవాళ్లు దసరా అయ్యాక వేసి సంక్రాంతి దాటాక కోయవచ్చు. నాకు ఈ రెండోదే ఇష్టం, ఎందుకంటే కోసే రోజుల్లో వాన భయం ఉండదు, నింపిన సంచులు కూడా రెండు నెలల్లోనే వాడకంలోకి వస్తాయి.

కోత రోజును క్యాలెండరు చూసి నిర్ణయించకండి, కంకి చూసి నిర్ణయించండి. చేను మధ్యలోకి పోయి నాలుగైదు కంకులు మధ్యకు విరవండి. గింజ పై భాగం గట్టిపడి పసుపుగా, కంకి బెండు వైపు ఉన్న భాగం ఇంకా పాలుగా ఉంటుంది, రెండింటి మధ్య ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత గింజ సగానికి దిగిందంటే కోతకు సమయం. గోరుతో నొక్కితే నీళ్లలాంటి పాలు కాకుండా పిండి ముద్దలా రావాలి. అడుగున రెండు మూడు ఆకులు ఎండి ఉంటాయి, మిగతాదంతా పచ్చగానే ఉంటుంది. అప్పుడు చేనులో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉంటుంది, మనకు కావాల్సింది అదే. ముందే కోస్తే రసం కారి పుల్లటి బురద అవుతుంది, ఆలస్యం చేస్తే కాడలు గట్టిపడి ఎంత తొక్కినా గాలి పోదు.

కంకులు తెంపి అమ్ముకుని ఉత్త చొప్ప మాగేయవచ్చా అని చాలామంది అడుగుతారు. స్వీట్ కార్న్‌లా పచ్చి కంకులు తెంపిన చొప్ప అయితే పర్వాలేదు, వెంటనే చేయాలి, బలం తక్కువని తెలిసే చేయాలి. గింజ ఎండాక మిగిలిన చొప్ప మాత్రం పనికిరాదు, దాన్ని ఎండుమేతగానే వాడండి. పల్లి చెట్లు కూడా అంతే, ఎండబెట్టుకుంటేనే మంచి మేత, వాటిని సైలేజీలో వేసి పాడు చేసుకోవద్దు.

పాలమూరు వైపు జొన్న ఎక్కువ. జొన్న సైలేజీ బాగా వస్తుంది, పూత దాటి గింజ పాలు పోసుకున్నాక కోయాలి. లేత జొన్నలో, వాన లేక వాడిపోయిన జొన్నలో నాము విషం ఉంటుందని మన పెద్దవాళ్లందరికీ తెలుసు, అది సైనైడ్. మాగినప్పుడు ఆ విషం తగ్గుతుంది, కానీ మాగుతుంది కదా అని లేత పైరు కోసి నింపవద్దు. ఇంకో మాట, ఎండకు బెట్టకొచ్చిన చేను మీద ఒక్కసారిగా వాన పడితే ఆ వారం రోజులు కాడల్లో నైట్రేట్ పేరుకుంటుంది, మక్క అయినా జొన్న అయినా సరే. వాన పడిన తర్వాత కనీసం వారం ఆగి కోయండి.

నేపియర్‌తో కూడా చేయవచ్చు గానీ అది కాస్త మొండిది. తేమ 80 శాతం దాకా ఉంటుంది, చక్కెర తక్కువ. కోసిన తర్వాత ఒక పూట, మబ్బుగా ఉంటే ఒక రోజు పొలంలోనే పరిచి వాడ్చాలి. 100 కిలోల గడ్డికి 2 కిలోల బెల్లం వీలైనంత తక్కువ నీళ్లలో కరిగించి పొరపొరకూ చల్లాలి. బొబ్బెర్ల తీగ, హెడ్జ్ లూసర్న్ (దశరథ గడ్డి) లాంటివి మక్కలో నాలుగో వంతు దాకా కలిపితే మాంసకృత్తులు పెరుగుతాయి. అవి ఒంటరిగా మాగవు, కుళ్లుతాయి.

యూరియా కలపమని కొందరు చెప్తారు. కొలత తప్పినా, ఒకచోట ఎక్కువ పడినా పశువు ప్రాణం పోతుంది, ఇంటి దగ్గర చేతులతో కలిపేటప్పుడు అన్నిచోట్లా సమానంగా పడిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను ఇంతవరకు కలపలేదు, కలపను.

సంచి, డ్రమ్ము

సంచి అంటే రెండు పొరలు. బయట గట్టి అల్లిక సంచి, లోపల 400 గేజీ లేదా అంతకంటే మందం ఉన్న పాలిథిన్ కవరు. గాలిని ఆపేది లోపలి కవరే, బయటి సంచి దాన్ని చిరగకుండా కాపాడుతుంది. ఎరువుల ఖాళీ సంచులు బయటి పొరగా వాడుకోవచ్చు, బాగా కడిగి ఎండబెట్టాలి. లోపలి కవరు మాత్రం కొత్తదే కొనండి. ఎండకు పెళుసెక్కిన పాత కవర్లతో నేను పది సంచులు పోగొట్టుకున్నాను.

డ్రమ్ము అయితే మొత్తం నోరు తెరుచుకునేది, మూతకు ఇనుప రింగు లాకు ఉండేది చూడండి. పాత డ్రమ్ములు చవకగా దొరుకుతాయి, వాటిలో ముందు ఏముండేదో కచ్చితంగా తెలియకపోతే తీసుకోవద్దు. మందుల ఫ్యాక్టరీల నుంచి, రసాయనాల నుంచి వచ్చిన డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా పశువుల మేతకు వాడకూడదు, అందులో ఉన్నది పాల ద్వారా మన పిల్లల గ్లాసులోకి వస్తుంది. నూనె, పచ్చళ్లు, పండ్ల గుజ్జు లాంటివి వచ్చిన డ్రమ్ములు మేలు.

కత్తిరించడం

ముక్క అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోపు ఉండాలి. పొడుగు ముక్కలు గాలిని పట్టుకుంటాయి, మొనలు కవరును పొడుస్తాయి. 2 లేదా 3 హెచ్‌పీ మోటరున్న చాఫ్ కట్టర్ మనలాంటి ఇళ్లకు సరిపోతుంది. సొంతంగా లేకపోతే ఊళ్లో ఒకరిది తెచ్చుకుని వాళ్లకు మనం బదులు పోతే అయిపోతుంది, మా వాడకట్టులో నాలుగిళ్ల వాళ్లం అట్లాగే చేస్తాం. బ్లేడ్లు ముందురోజే సాన పెట్టించండి, మొద్దు బ్లేడు కాడను కోయదు, నలిపి చీలుస్తుంది.

ఈ మిషన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. చీర కొంగు బిగించి దోపుకోవాలి, మెడలో తువ్వాల ఉండకూడదు, చేతికి గాజులు, కడియాలు తీసేయాలి, పిల్లలను ఆ చుట్టుపక్కలకే రానివ్వద్దు. మేత ఇరుక్కుంటే స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గు పీకి, చక్రం పూర్తిగా ఆగిందని కంటితో చూశాకే చెయ్యి పెట్టాలి. అలసిపోయిన సాయంత్రం పూటే ప్రమాదాలు జరుగుతాయి, ఐదు గంటల తర్వాత కొత్త మోపు ఎత్తకండి.

కత్తిరించిన మేతను గుప్పెట నిండా తీసుకుని అర నిమిషం గట్టిగా పిండి వదలండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే తేమ ఎక్కువ, కాసేపు ఆరనివ్వాలి. ముద్ద అలాగే నిలబడి మెల్లగా విచ్చుకుంటే, అరచేయి తడిగా ఉంటే సరైన పదును. వదలగానే పొడిపొడిగా రాలిపోతే ఎండింది, పొరపొరకూ కాసిని నీళ్లు చిలకరించి నింపండి.

తొక్కడం

పని మొత్తంలో దీనికే ఎక్కువ ఓపిక కావాలి. పెరుగు తోడుకునేది, దోసెల పిండి పులిసేది ఏ జాతి సూక్ష్మజీవుల వల్లనో సైలేజీ మాగేది కూడా అదే జాతి వల్ల. అవి ఆకుల మీద ముందే ఉంటాయి. గాలి లేనప్పుడు అవి మేతలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, ఆ పులుపు పెరిగి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 4 దగ్గరకు దిగాక కుళ్లబెట్టే క్రిములు బతకలేవు, మేత అలాగే నిలిచిపోతుంది. లోపల గాలి మిగిలితే చక్కెరను బూజు, ఈస్టు తినేస్తాయి, మనకు వేడి, కంపు మిగులుతాయి. కాబట్టి తొక్కేటప్పుడు మన పని మేతను కుక్కడం అనుకోవద్దు, గాలిని వెళ్లగొట్టడం అనుకోవాలి.

డ్రమ్ము అడుగున రెండు అంగుళాల మందం ఎండు వరిగడ్డి పరవండి, కారే రసాన్ని అది పీల్చుకుంటుంది. అర అడుగు మేత వేసి, మనిషి లోపల దిగి అంచుల వెంట గుండ్రంగా తొక్కాలి. మధ్యలో ఎవరైనా తొక్కుతారు, గాలి మిగిలేది అంచుల దగ్గరే. కాలు వేస్తే దిగబడకుండా అయ్యేదాకా తొక్కి మళ్లీ అర అడుగు. పై దాకా వచ్చాక రోకలితో దంచి, కుప్పగా ఇంకొంచెం వేసి, దాని మీద పాలిథిన్ ముక్క పరిచి మూత బిగించండి. మాగేకొద్దీ మేత దిగుతుంది కాబట్టి వెలితిగా నింపితే పైన గాలి చేరుతుంది.

సంచి తొక్కడానికి మేము కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. కొట్టం పక్కన సంచి పట్టేంత గుండ్రటి గుంత, రెండడుగుల లోతు తీసి, దాంట్లో సంచి దింపుతాం. చుట్టూ మట్టి గోడ ఆసరా ఉంటుంది కాబట్టి ఎంత తొక్కినా సంచి పొట్ట పగలదు. నిండాక ఇద్దరు చెరో చెవి పట్టి పైకి లాగుతారు. చెప్పులతో తొక్కకండి, కాళ్లు శుభ్రంగా కడుక్కుని ఒట్టి కాళ్లతోనే తొక్కండి, మట్టి, పెండ మేతలో పడితే వాటితో పాటు చెడ్డ క్రిములు కూడా దిగుతాయి. లోపలి కవరు మూతిని కూర్చుని ఒత్తుతూ గాలి తీసేసి, మెలితిప్పి, మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టండి. సుతిలి తాడు వదులవుతుంది, ట్యూబు వదులు కాదు. ఆ తర్వాత బయటి సంచి వేరుగా కట్టాలి.

కోసిన మేత ఆ రోజే నింపాలి, రాత్రి కుప్పలో ఉంచితే తెల్లారేసరికి లోపల వేడెక్కి ఉంటుంది. నలుగురు మనుషులు, ఒక మిషన్ ఉంటే రోజుకు మాకు 25, 30 సంచులు అవుతాయి. అంతే కోయండి, ఎక్కువ కోయకండి. మబ్బు పట్టి ఉంటే మొదలే పెట్టవద్దు.

దాచడం

నీడలో, ఎత్తు మీద, గోడకు అడుగు దూరంగా. ఎండ తగిలితే కవరు పెళుసెక్కుతుంది. గోడకు ఆనించి పేరిస్తే ఆ సందులో ఎలుకలు కాపురం పెడతాయి, పైగా ఆ వైపు ఏం జరుగుతోందో మనకు కనపడదు. మూడు వరసలకు మించి పేర్చవద్దు. మొదటి నాలుగైదు రోజులు సంచులు ఉబ్బుతాయి, డ్రమ్ము మూత లేచినట్టు ఉంటుంది, టెన్షన్ పడి సూదితో పొడవకండి, వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ తర్వాత వారానికోసారి చుట్టూ తిరిగి చూడండి. చిల్లు కనపడితే ఆ నిమిషమే వెడల్పాటి టేపు వేయండి. ఒక చిన్న చిల్లు నెల రోజుల్లో సంచి సగాన్ని తినేస్తుంది.

గుంతలు వాడే పెద్ద రైతులకు ఒక హెచ్చరిక, చిన్న విషయం కాదు కాబట్టి చెప్తున్నాను. నింపిన మొదటి మూడు వారాలు గుంతలోకి తల వంచడం, దిగడం చేయకండి. మేత మాగేటప్పుడు వచ్చే వాయువులు గాలి కంటే బరువు, అడుగున నిలబడి ఊపిరాడకుండా చేస్తాయి. గోధుమ రంగు పొగలా కనిపించినా, బ్లీచింగ్ పౌడర్ లాంటి ఘాటు తగిలినా వెంటనే దూరం పోవాలి.

మూడు వారాలకే మాగుతుంది గానీ నేను 45 రోజులు ఆగుతాను. చెడకుండా ఉంటే ఏడాది పైన కూడా ఉంటుంది, దాన్ని తెరవకుండా ఉంచగలగాలి అంతే.

తెరిచినప్పుడు ఏం చూడాలి

మంచి సైలేజీ బంగారు పసుపుకూ ముదురు ఆకుపచ్చకూ మధ్య రంగులో ఉంటుంది. ముక్క ముక్కలా కనిపించాలి. వాసన పుల్లగా, కాస్త తియ్యగా, మామిడి తొక్కు జాడీ తెరిచినట్టు ఉంటుంది. మా అమ్మ మొదటిసారి డ్రమ్ము తెరిచినప్పుడు ముక్కు మూసుకుని "ఇది పులిసిపోయిందిరా, బర్రె ముట్టదు" అంది. రెండు రోజులు నిజంగానే ముట్టలేదు. మూడో రోజు పైన ఒక పిడికెడు తవుడు చల్లితే తొట్టి నాకేసింది. ఇప్పుడు డ్రమ్ము రింగు చప్పుడు వింటే కొట్టంలో మూడూ లేచి నిలబడతాయి.

ముదురు గోధుమ రంగుకు తిరిగి, కాల్చిన బెల్లం వాసనో పొగాకు వాసనో వస్తే లోపల వేడెక్కిందని అర్థం, పశువు ఇష్టంగానే తింటుంది గానీ బలం పోయింది. జిగటగా, ముక్కిన వెన్న కంపు కొడుతూ, చేతికి పట్టిన వాసన కడిగినా పోకపోతే తేమ ఎక్కువై చెడింది, వేయకండి. బూజు ఏ రంగులో ఉన్నా వేయకూడదు. బూజు పట్టిన ముక్క తీసేసి దాని చుట్టూ నాలుగు అంగుళాలు కూడా తీసేయాలి. బూజు విషాలు పాలలోకి కూడా వస్తాయి. సరిగ్గా మాగని సైలేజీలో లిస్టీరియా అనే క్రిమి పెరుగుతుంది, దాని వల్ల పశువు మెడ ఒక పక్కకు తిప్పుకుని గుండ్రంగా తిరుగుతుంది, చూలుతో ఉన్నవి ఈచుకుపోతాయి. మేకలకు, గొర్రెలకు ఇది ఇంకా ఎక్కువగా తగులుతుంది, వాటికి వేసేవాళ్లు అనుమానం ఉన్న ఒక్క పిడికెడు కూడా వేయవద్దు. సందేహం ఉంటే పీహెచ్ కాగితం తెచ్చుకుని పిండిన రసంలో ముంచండి, 4 అటూ ఇటూ ఉంటే నిశ్చింత, 5 దాటితే పారేయండి.

మేపడం

మొదటి మూడు రోజులు పెద్ద పశువుకు 2 కిలోలు చాలు, వరిగడ్డితో కలిపి వేయండి. తర్వాత 5 కిలోలు, అలా పది రోజుల్లో 15కు తీసుకురండి. బర్రె కడుపులోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది. ఒక్కసారిగా తట్ట నిండా వేస్తే కడుపులో పులుపు ఎక్కువై, నెమరు ఆగి, పెండ నీళ్లలా పడుతుంది. అలా అయితే సైలేజీ ఆపి ఎండు వరిగడ్డి మీదే ఉంచండి, ఒక పూటలో కుదుటపడకపోయినా, కడుపు ఉబ్బినా పశువుల డాక్టరును పిలవండి లేదా 1962కు ఫోన్ చేయండి.

పాలిచ్చే బర్రెకు నేను వేసేది ఇదీ: రోజుకు 15 కిలోల సైలేజీ రెండు పూటలుగా, 4 కిలోల వరిగడ్డి, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కొంచెం ఉప్పు, ఒంటి పోషణకు కిలో దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఇంకో కిలో. సైలేజీ వేస్తున్నాం కదా అని దాణా పూర్తిగా మానేసేవాళ్లున్నారు, అది పొరపాటు. మక్క సైలేజీలో పిండి ఉంటుంది గానీ మాంసకృత్తులు తక్కువ. పల్లి చెక్కో పత్తి గింజల చెక్కో ఉండాల్సిందే. వరిగడ్డి కూడా మానవద్దు, నెమరుకు అది కావాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయవద్దు, ఆ తర్వాత 2 కిలోలతో మొదలుపెట్టవచ్చు. ఈనడానికి నెల ముందు నుంచి నేను సగానికి తగ్గిస్తాను.

పాలు పిండిన తర్వాతే వేయండి. ముందు వేస్తే కొట్టమంతా ఆ పుల్లటి వాసన నిండి పాలకు పడుతుంది, కేంద్రంలో పాలు పోసేవాళ్లకు ఇది ముఖ్యం. డ్రమ్ము తెరిచి ఆ పూటకు కావాల్సినంత తీసి, పైభాగం చదునుగా ఒత్తి, పాలిథిన్ పరిచి వెంటనే మూయండి. పైన పైన గెలికి వదిలేయకండి. తొట్టిలో మిగిలినది మధ్యాహ్నం ఎండకు వేడెక్కుతుంది, మళ్లీ సాయంత్రం మేతలో కలపకుండా ఊడ్చి తీసేయండి.

సైలేజీ వేస్తే పాలు రెట్టింపు అవుతాయని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. అప్పుడే కోసిన పచ్చిమేత దొరికినన్ని రోజులు అదే వేయండి, దాన్ని మించింది లేదు. నా అనుభవంలో ఇది చేసే మేలు ఏమిటంటే ఏప్రిల్‌లో పడిపోయే పాలు పడిపోకుండా ఆగుతాయి, పశువు ఒళ్లు వదలదు, వానకాలం మొదలయ్యేసరికి అది నీరసంగా కాకుండా నిండుగా ఉంటుంది.

మా తాత కాలంలో జొన్నలను భూమిలో పాతర వేసేవాళ్లు. గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, మట్టితో మూసి, కరువు ఏడు తెరిచేవాళ్లు. పాతర తెరిచేటప్పుడు వెంటనే దిగనిచ్చేవాళ్లు కాదు, లోపలి గాలి పోయేదాకా ఆగమనేవాళ్లు. మా వాడకట్టులో ఒక పెద్దాయన నేను సంచులు తొక్కుతుంటే వచ్చి నిలబడి, "గడ్డిని కూడా పాతరేస్తున్నవా బిడ్డా, మంచిదే. గాలి లోపలికి పోనియ్యకు, తడి రానియ్యకు" అని చెప్పి పోయాడు. ఆయన జీవితంలో సైలేజీ చూడలేదు.

డ్రమ్ము ఖాళీ అయిన రోజే కడగండి, మరునాటికి అడుగున ఉన్న రసం బూజు పడుతుంది. సబ్బు పెట్టి కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, మూత వేయకుండా నీడలో బోర్లించండి. లోపలి కవర్లు చిరగకుండా వస్తే నీళ్లు పోసి చూడండి, ఒక్క చుక్క కారినా పక్కన పెట్టండి, వానకాలంలో వరిగడ్డి మీద కప్పుకోవడానికి పనికొస్తాయి. బ్లేడ్లకు నూనె రాసి, గుడ్డలో చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఆ పనయ్యేసరికి రోహిణి ఎండలు కూడా దిగిపోతాయి, మక్క విత్తనం తెచ్చుకోవడానికి సరిగ్గా సమయం.